అత్తయ్యా, నేనూ, అడవిలో రెండు రాత్రులూ

ఇంటికి పెద్దవాళ్లు వస్తున్నారంటే మనం ముందుగా ఏం చేస్తాం చెప్పండి? దుప్పట్లు ఉతికి ఆరేస్తాం. కందిపప్పు, బియ్యప్పిండి, బెల్లం ఉన్నాయో లేదో సరిచూసుకుంటాం. వాళ్లకి ఏ కూర పడుతుందో, ఏది పడదో గుర్తు చేసుకుంటాం. అంతవరకూ బాగానే ఉంటుంది. 'మరి ఎక్కడికైనా తీసుకెళ్లాలి కదా' అన్న మాట వచ్చేసరికి మాత్రం 'రానీండి, వచ్చాక చూద్దాంలే' అనేస్తాం. అవునా, కాదా?

నేనూ అలా అన్నదాన్నే. ఆ 'చూద్దాంలే' నాకు ఎంత ఖరీదైందో చెబుదామనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. పిల్లలు అమెరికాలో ఉన్న తల్లులకూ, అమెరికాలో ఉండి తల్లుల కోసం ఎదురుచూసే ఆడపిల్లలకూ, ఇద్దరికీ పనికొస్తుందని నా ఆశ.

మేం ఉండేది టెక్సస్ రాష్ట్రంలో, ఆస్టిన్ ఊరి శివార్లలో. మావారికి ఉద్యోగం, పిల్లలిద్దరికీ బడి, నాకు ఇల్లు. 2019లో మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లను మామూలుగా ఆర్నెల్లు ఉండనిస్తారు. ఆర్నెల్లంటే ఎంతో కాలం అనుకున్నాను. అమ్మ వచ్చిన మూడోరోజునుంచే వంటింట్లో దూరిపోయింది. కందిపొడి, కరివేపాకు పొడి, గోంగూర పచ్చడి... సీసాలన్నీ నింపింది. మధ్యాహ్నం పూట కిటికీ దగ్గర కూర్చుని వీధిలోకి చూసేది. "ఇంత పెద్ద వీధిలో ఒక్క మనిషీ కనపడడేమే! వీళ్లంతా ఇళ్లలోనే ఉంటారా, అసలు ఉన్నారా?" అనేది.

ఒకరోజు మా చిన్నాడు బడివాళ్లతో దగ్గర్లోని స్టేట్ పార్కుకి వెళ్లొచ్చాడు. జేబునిండా దేవదారు కాయలు తెచ్చి అమ్మమ్మ ఒళ్లో పోశాడు. అక్కడ అడవి మధ్యలో రాతితో, దుంగలతో కట్టిన చిన్న చిన్న ఇళ్లున్నాయనీ, వాటిలో మనం అద్దెకు ఉండొచ్చనీ చెప్పాడు. అమ్మ ఆ కాయని తిప్పి తిప్పి చూసి, "అలాంటిచోట రెండ్రోజులుంటే బావుంటుందే. నువ్వు వంటింట్లో లేకుండా, నేను బట్టలు మడతపెట్టకుండా... ఊరికే కూర్చుని మాట్లాడుకోవచ్చు" అంది.

"అలాగేనమ్మా, చూద్దాంలే" అన్నాను.

తర్వాత ఏముంది! పిల్లల ఈత క్లాసులు, మావారి ఆఫీసు హడావుడి, శనాదివారాలొస్తే పుట్టినరోజులు, వ్రతాలు, భోజనాలు. అమ్మ తిరుగు ప్రయాణం మూడు వారాలు ఉందనగా గుర్తొచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చుంటే అన్నీ నిండిపోయి ఉన్నాయి. ఎక్కడో మంగళవారం ఒక్క రాత్రి ఖాళీ కనపడింది. ఆరోజు మావారికి కుదరదు. నేను పెద్దరోడ్ల మీద కారు నడపను. ఆ ఒక్కటీ అలా పోయింది. అమ్మ మాత్రం ఏమీ అనుకోలేదు. "పోనీలేవే, మళ్లీ వచ్చినప్పుడు వెళ్దాం" అంది. పెట్టెలో ఆ దేవదారు కాయ ఒకటి పెట్టుకుని వెళ్లింది.

మళ్లీ రాలేదు. 2020లో ఎవరం ఎటూ కదల్లేకపోయాం. 2021 మే నెలలో కరోనాతో అమ్మ పోయింది. నేను వెళ్లలేకపోయాను. కార్యక్రమమంతా ఫోనులోనే చూశాను. ఆ తర్వాత చాలారోజులపాటు నన్ను తొలిచింది ఒక్కటే. అమ్మ ఆ రెండ్రోజులూ నాతో ఏం మాట్లాడాలనుకుందో నాకు తెలియదు. ఇక తెలియదు కూడా.

2023లో మా అత్తయ్యగారు వస్తానన్నారు. ఆవిడది కృష్ణాజిల్లా, అవనిగడ్డ దగ్గర పల్లెటూరు. మామయ్యగారు పోయి అప్పటికి నాలుగేళ్లు. నిజం చెప్పొద్దూ, ఆవిడకీ నాకూ పెద్ద మాటలు ఉండేవి కావు. గొడవలూ లేవు, చనువూ లేదు. ఆదివారం ఫోనులో మూడే ప్రశ్నలు. "బావున్నారా? పిల్లలు తింటున్నారా? అక్కడ వానలేమైనా ఉన్నాయా?" ఆ మూడో ప్రశ్న వింటే నాకు లోపల విసుగొచ్చేది. ఎండలు మండిపోతున్నా అదే ప్రశ్న! మాట్లాడటానికి ఏమీ లేక అడుగుతారు కాబోలు అనుకునేదాన్ని.

మావారు విమానం టికెట్టు కొన్నరోజే నేను క్యాలెండరు పట్టుకుని కూర్చున్నాను. ఈసారి 'చూద్దాంలే' అనకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ఇక్కడ మీకు కొంచెం వివరం చెప్పాలి. అమెరికాలో అడవులు, కొండలు, చెరువులు ఉన్న ఉద్యానవనాలు రెండు రకాలు. కేంద్రప్రభుత్వం చూసుకునేవి నేషనల్ పార్కులు. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చూసుకునేవి స్టేట్ పార్కులు. పేరు చిన్నదైనా మనలాంటి సంసారులకు ఈ రెండోవే ఎక్కువ అక్కరకొస్తాయి. ఇంటికి దగ్గర, ఖర్చు తక్కువ. టెక్సస్ లో ఇవి 80కి పైగా ఉన్నాయి. 2023లో వీటికి నూరేళ్ల పండగ కూడా చేశారు. వాటిలో రాత్రి ఉండటానికి కొన్నిచోట్ల టెంట్ వేసుకునే జాగా ఇస్తారు. కొన్నిచోట్ల జాలీ గోడలున్న షెడ్డు ఉంటుంది. కొన్నిచోట్ల క్యాబిన్ అనే చిన్న ఇల్లు ఉంటుంది. పెద్దవాళ్లు నేలమీద పడుకోలేరు కాబట్టి మనకి కావలసింది క్యాబినే. అవేమో పార్కుకి పదో పన్నెండో ఉంటాయి, కొన్ని పార్కుల్లో అసలుండవు. అందుకే అంత గిరాకీ.

తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు విడుదలయ్యే రోజు ఇంటిల్లిపాదీ తలొక ఫోనూ పట్టుకుని కూర్చుంటారు చూడండి, ఇదీ అచ్చం అలాంటిదే. ఎన్నాళ్ల ముందు తీసుకోవచ్చన్నది ఒక్కో రాష్ట్రానికి ఒక్కో లెక్క. మా టెక్సస్ లో 5 నెలలు. కాలిఫోర్నియాలో 6 నెలలు, అక్కడ పొద్దున్న 8 గంటలకి తెరుస్తారు. న్యూయార్కులో 9 నెలలు. జార్జియాలో అయితే ఏకంగా 13 నెలలు! మనదేశంలో రైలు టికెట్లు ఒకప్పుడు 120 రోజుల ముందు ఇచ్చేవాళ్లు, 2024 నవంబరు నుంచి 60 రోజులే చేశారు కదా. వీళ్లతో పోలిస్తే మన రైలే నయం అనిపిస్తుంది.

ఇప్పుడు మన ఇంటి లెక్క చూద్దాం. అమ్మో అత్తగారో ఉండేది ఆర్నెల్లు. గదులు తెరిచేది 5 నెలల ముందు. అంటే ఆవిడ విమానం దిగేనాటికే, ఆవిడ ఉండబోయే మొదటి 5 నెలల రోజులూ జనం చేతుల్లోకి వెళ్లిపోయి ఉంటాయన్నమాట. ఇంక కొత్తగా తెరుచుకునేది ఆఖరి నెల ఒక్కటే. అది కూడా ఆవిడ వచ్చిన మొదటి నెలలోనే రోజుకొకటి చొప్పున తెరుచుకుంటుంది. ఆ నెల కూడా జెట్ లాగ్ అనీ, అలసట అనీ గడిపేశామా, అంతే సంగతులు. ఎవరో వదిలేసుకున్నవి ఏరుకోవాల్సిందే. 2019లో నాకు ఈ లెక్క తెలియదు. తెలిసినా వేసుకునేదాన్నా అన్నది వేరేమాట.

అత్తయ్యగారు సెప్టెంబరులో వస్తారు. ఎండలు తగ్గాక నవంబరు అయితే బావుంటుందనుకున్నాను. 14 నవంబరుకి కావాలంటే 14 జూన్ నాడు కూర్చోవాలి. జూన్ 14, బుధవారం, పిల్లలు ఇంకా నిద్రలేవలేదు. పాలగిన్నె పొయ్యిమీద పెట్టి కంప్యూటర్ తెరిచాను. నాకు కావలసింది మా చిన్నాడు వెళ్లిన ఆ పార్కే, బాస్ట్రాప్ స్టేట్ పార్కు. మంగళ, బుధవారాలు రెండు రాత్రులు అడిగాను. శుక్ర, శనివారాలయితే ఎగబడతారు గానీ, వారం మధ్యలో కొంచెం నయం. ఒక్క గది కనపడింది. పేరు, కార్డు నంబరు కొట్టి నొక్కేసరికి పాలు పొంగిపోయాయి. నేనేం బాధపడలేదు. శుభమే కదా అనుకుని స్టవ్వు తుడుచుకున్నాను!

మావారికి చెబితే, "మంగళవారమా? నాకు సెలవు దొరకదే. పిల్లలకి బడి కూడానూ!" అన్నారు.

"మీరెవరూ రావక్కర్లేదు. అత్తయ్యా, నేనూ వెళ్తాం" అన్నాను.

ఆయన నన్ను అలా చూస్తూ ఉండిపోయారు. "మా అమ్మతో, నువ్వొక్కదానివే, రెండ్రోజులా!" అన్నారు. ఆ గొంతులో భయం ఎవరికోసమో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆ ఐదు నెలల్లో నేను పెద్దరోడ్డు మీద కారు నడపటం నేర్చుకున్నాను. ఆస్టిన్ నుంచి బాస్ట్రాప్ 30 మైళ్లు. మా ఇంటినుంచి ఇంకొంచెం ఎక్కువ. నలభయ్యో ఏట మళ్లీ కొత్తగా స్టీరింగు పట్టుకుంటే చేతులు వణికాయి. అయినా గది చేతిలో ఉంది, తేదీ ఖాయం. తప్పించుకోవటానికి సాకులేదు. తేదీ రాసిపెట్టుకున్న పనికి అదొక బలం సుమండీ.

ఒక పొరపాటు మాత్రం చేశాను. జూన్ లో గది తీసుకునేటప్పుడు పంచాంగం చూడలేదు. తర్వాత చూస్తే నవంబరు 12 దీపావళి! రెండ్రోజులు అటూ ఇటూ అయ్యుంటే ఇంట్లో పెద్ద రభసే. మీరు మాత్రం ఆ పనిచేసేటప్పుడు పక్కన తెలుగు క్యాలెండరు పెట్టుకోండి.

బయలుదేరే ముందురోజు రాత్రి అత్తయ్యగారూ నేనూ కలిసి సామాను సర్దాం. చింతపండు పులుసు దగ్గరగా ఉడికించి, పోపు వేసి సీసాలో పెట్టుకుంటే, అక్కడ అన్నం వండుకుని కలుపుకోవటమే, పులిహోర సిద్ధం. బొంబాయిరవ్వ దోరగా వేయించి, అందులోనే ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు కలిపి డబ్బాలో పోసుకున్నాం. నీళ్లు మరిగించి పోస్తే ఉప్మా. కందిపొడి, నెయ్యి, పెరుగు, అరడజను అరటిపళ్లు, అత్తయ్యగారు దీపావళికి చేసిన సున్నుండలు. ఆవిడ తన సంచిలో రెండు మట్టిప్రమిదలూ, వత్తులూ కూడా పెట్టుకున్నారు. కార్తీకమాసం మొదలవుతోంది కదా!

పార్కు ఆఫీసులో కాగితం చూపిస్తే తాళాలిచ్చారు. క్యాబిన్ అద్దె వేరు, మనిషికింత ప్రవేశ రుసుము వేరు. ఇది చాలామందికి తెలియక అక్కడికెళ్లాక గొణుక్కుంటారు. 12 ఏళ్లలోపు పిల్లలకి ప్రవేశం ఉచితం. మేము 70 డాలర్ల ఏడాది పాసు తీసుకున్నాం. కారులో ఉన్నవాళ్లందరికీ ఏడాది పొడుగునా ప్రవేశ రుసుము ఉండదు. ఏడాదికి నాలుగైదుసార్లు వెళ్లే కుటుంబానికి అది గిట్టుబాటే.

మా క్యాబిన్ చూసి అత్తయ్యగారు గుమ్మంలోనే ఆగిపోయారు. ఎర్రటి ఇసుకరాయి గోడలు, చేత్తో చెక్కిన దూలాలు. "ఇది ఈనాటి పనితనం కాదమ్మాయ్" అన్నారు. నిజమే. 1930లలో అమెరికాలో పనుల్లేక జనం అల్లాడుతున్నప్పుడు రూజ్వెల్టు అధ్యక్షుడు ఒక పథకం పెట్టాడు. పెళ్లికాని కుర్రాళ్లను చేర్చుకుని అడవుల్లో రోడ్లు, వంతెనలు, ఇలాంటి ఇళ్లు కట్టించారు. 1933 నుంచి 1942 దాకా నడిచింది. తిండి, బట్ట, పడక పెట్టి నెలకి 30 డాలర్ల జీతం. అందులో 25 డాలర్లు కుర్రాడి చేతికివ్వకుండా నేరుగా ఇంటికి పంపేవారు. ఈ పార్కులో గోడలే కాదు, బల్లలు, కుర్చీలు కూడా ఆ కుర్రాళ్లు చేసినవే.

నేను ఇది చెబుతుంటే అత్తయ్యగారు ఆ గోడమీద చెయ్యి వేసి, "అయితే ఎందరు తల్లులు ఆ పాతిక డాలర్లతో పొయ్యి వెలిగించుకున్నారో" అన్నారు. నేను ఆ లెక్క ఎన్నడూ అలా చూడలేదు.

సాయంత్రం నడవటానికి వెళ్లాం. ఈ అడవిని 'లాస్ట్ పైన్స్' అంటారు, అంటే తప్పిపోయిన దేవదారులని. తూర్పున ఉన్న పెద్ద దేవదారు అడవికి సుమారు నూరు మైళ్ల దూరంలో ఇదొక్కటే విడిగా మిగిలిపోయింది. 2011 సెప్టెంబరులో ఇక్కడ పెద్ద కార్చిచ్చు రేగింది. ఈ పార్కులో నూటికి 96 వంతులు కాలిపోయింది. చుట్టుపక్కల 1,600కి పైగా ఇళ్లు బూడిదయ్యాయి. ఆ పాత రాతి ఇళ్లను మాత్రం మంటలార్పేవాళ్లు కాపలాకాసి దక్కించారు. తర్వాత జనం వచ్చి లక్షల మొక్కలు నాటారు. ఇప్పుడు చూస్తే నల్లటి మోడుల మధ్య లేత దేవదారు మొక్కలు మనిషిని మించి ఎదిగి ఉన్నాయి.

అత్తయ్యగారు ఒక మోడు దగ్గర నిలబడిపోయారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కాళ్లు నొప్పెడుతున్నాయేమో అనుకుని, "కూర్చుంటారా అత్తయ్యా?" అన్నాను. తల అడ్డంగా ఊపారు.

చీకటి పడ్డాక గది ముందు ఇనపచట్రం పొయ్యి దగ్గర కూర్చున్నాం. అలాంటి పొయ్యి తప్ప ఇంకెక్కడా నిప్పు రాజేయకూడదు. ఎండలు ముదిరితే అది కూడా నిషేధిస్తారు. ఆరోజు నిషేధం లేదని ఆఫీసులో కనుక్కున్నాం. అత్తయ్యగారు ప్రమిద తీసి గుమ్మంమీద పెట్టబోయి ఆగారు. "ఇంత కాలిపోయిన అడవిలో గుమ్మాన దీపం వద్దులే" అని, తెచ్చి ఆ చట్రం మధ్యలో పెట్టి వెలిగించారు. అమావాస్య వెళ్లిన కొత్త, చంద్రుడు లేడు. ఆకాశం నిండా చుక్కలు. ఊళ్లో ఏ రాత్రీ అన్ని చుక్కలు చూడలేదు నేను.

అప్పుడు చెప్పారావిడ. నేనేం అడగలేదు.

"నాకు ఒక చెల్లెలుండేది అమ్మాయ్. పదహారేళ్లది. మా పుట్టిల్లు సముద్రానికి దగ్గర. నాకు పెళ్లయి రెండేళ్లు. అప్పుడూ కార్తీకమాసమే. కబురు పెట్టింది, అక్కా, నన్ను నాలుగ్రోజులు మీ ఊరు తీసుకుపో అని. కోతలు దగ్గరపడుతున్నాయి, ఇంటినిండా పని. సంక్రాంతికి చూద్దాంలే అని కబురంపాను. ఆ తర్వాత వారానికి వచ్చింది ఉప్పెన."

1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన. మన పెద్దవాళ్లలో ఆ తేదీ తెలియనివారుండరు. వేలమంది ఒక్కరాత్రిలో పోయారు. మావారికి ఒక పిన్ని ఆ ఉప్పెనలో పోయిందని నాకు తెలుసు. అంతకుమించి ఆయనకే తెలియదు.

"ఇరవై నాలుగు గంటలూ ఆ వాన చప్పుడు చెవుల్లో ఉంటుంది నాకు. మీరంతా దూరాన ఉన్నారు. అక్కడ వాన పడుతోందా, గాలి వీస్తోందా... అడగకపోతే ఆరోజు నిద్రపట్టదు" అన్నారు ఆవిడ.

పన్నెండేళ్లకు పైగా ప్రతి ఆదివారం ఆ ప్రశ్న విన్నాను నేను. విసుక్కుంటూ "ఏం లేవండీ" అని జవాబిచ్చాను. ఆ చీకట్లో నా మొహం ఆవిడకి కనపడకపోవటం మంచిదైంది.

అప్పుడు నేనూ మా అమ్మ సంగతి చెప్పాను. దేవదారు కాయల సంగతి, నిండిపోయిన గదుల సంగతి, నేనన్న 'చూద్దాంలే' సంగతి. అత్తయ్యగారు ఓదార్చలేదు, ఉపదేశమూ చెయ్యలేదు. సంచిలోంచి రెండో ప్రమిద తీసి నా చేతికిచ్చారు. "మీ అమ్మ పేర వెలిగించు" అన్నారు.

ఇద్దరం అలా ఎంతసేపు కూర్చున్నామో తెలీదు. మా వెనక బల్లమీద ఏదో చప్పుడైంది. తిరిగి చూస్తే కళ్లకి నల్లటి గంతలు కట్టుకున్నట్టున్న ఒక జంతువు, పిల్లికంటే పెద్దది, ముందుకాళ్లతో అచ్చం మనుషుల్లాగే సున్నుండల డబ్బా మూత తీస్తోంది! రకూన్ అంటారు దాన్ని. నేను కెవ్వుమన్నాను. అత్తయ్యగారు చెప్పు తీసి, "ఓసి నీ అసాధ్యం కూలా!" అంటూ లేచారు. అది ఒక సున్నుండ నోట కరుచుకుని, ఇంకోటి చేత్తో పట్టుకుని తీరిగ్గా వెళ్లిపోయింది. "నెయ్యి కాస్త తక్కువైందనుకున్నాను, దానికి నచ్చిందే!" అన్నారు అత్తయ్యగారు. ఇద్దరం కళ్లు తుడుచుకుంటూనే పడీ పడీ నవ్వాం. రాత్రి పది దాటాక పార్కులో చప్పుడు చేయకూడదు. అది గుర్తొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వుకున్నాం.

మర్నాడంతా ఏం చేశామంటే ఏమీ చెయ్యలేదు. ఉప్మా తిన్నాం. చెట్లకింద కూర్చున్నాం. ఆవిడ చెల్లెలి జడ ఎంత పొడుగో, అది ఎలా పాడేదో చెప్పారు. మా అమ్మ నన్ను కొట్టిన దెబ్బల గురించి నేను చెప్పాను. మా పెళ్లిలో ఆవిడ ఎందుకు మొహం ముడుచుకుని ఉన్నారో కూడా చెప్పేశారు. కొత్త చెప్పులు కరిచాయట! నేనేమో పన్నెండేళ్లుగా, నేను నచ్చలేదు కాబోలు అనుకుంటున్నాను.

ఇంటికొచ్చాక ఆవిడ మారిపోయారని, నేను మారిపోయానని చెప్పను. ఆవిడకి నా చారులో ఉప్పు ఇప్పటికీ ఎక్కువే. కానీ ఆదివారం ఫోను రాగానే ఇప్పుడు నేనే ముందు చెబుతాను, "అత్తయ్యా, ఇక్కడ వానల్లేవు, గాలి లేదు, అందరం ఇంట్లోనే ఉన్నాం" అని. "సరేనమ్మా" అంటారు. ఆ 'సరే'లో ఎంత నిశ్చింతో నాకిప్పుడు తెలుసు.

ఇంతకీ మీకు చెప్పదలుచుకున్న సంగతులు నాలుగు.

ఒకటి. మీ పిల్లలు అమెరికాలో ఉంటే, విమానం టికెట్టు కొన్నరోజే 'ఫలానా తేదీకి ఒక గది తీసుకోరా' అని మీరే చెప్పండి. మొహమాటపడకండి. పిల్లలకి మనసు లేక కాదు, తీరిక లేక మరిచిపోతారు. అక్కడి కోడళ్లూ, కూతుళ్లూ, మీరయితే ఆ రాష్ట్రంలో ఎన్ని నెలల ముందు ఇస్తారో కనుక్కుని, ఆ రోజు క్యాలెండరులో ఎర్రసిరాతో గుర్తు పెట్టుకోండి.

రెండు. శనాదివారాలకే పట్టుబట్టకండి. వారాంతంలో చాలా క్యాబిన్లకి రెండు రాత్రులు తప్పనిసరిగా తీసుకోవాలి కూడా. వారం మధ్యలో గదీ దొరుకుతుంది, ప్రశాంతతా దొరుకుతుంది. అందరికీ సెలవు కుదరకపోతే కుదిరినవాళ్లే వెళ్లండి. ఇద్దరు వెళితేనే మాటలెక్కువ వస్తాయని నా అనుభవం.

మూడు. తీసుకునేముందు ఆ గది వివరాలన్నీ చదవండి. కొన్నింట్లో పరుపు ఉంటుంది గానీ దుప్పటీ, దిండూ మనమే తెచ్చుకోవాలి. కొన్నింటికి బాత్రూం గదిలో ఉండదు, కొంతదూరం నడిచి వెళ్లాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అది ముఖ్యం కదా! కొన్నింట్లో లోపల వంట చెయ్యనివ్వరు. టెంటు జాగాలయితే మా దగ్గర ఒక్కోదానికి 8 మందే. మూడు కుటుంబాలు కలిసి ఒక్కదాంట్లో సర్దుకుందామంటే కుదరదు. తిండి సామాను రాత్రిళ్లు బయట వదలకండి. ఎందుకో మీకు తెలుసు!

నాలుగు. వీలుకాదని తెలిస్తే వెంటనే రద్దు చెయ్యండి. కొంత డబ్బు పోతుంది, పోనివ్వండి. ఆ గది ఇంకో తల్లికీ, కూతురికీ దొరుకుతుంది. మీకు దొరకనప్పుడు కూడా నిరాశపడకండి. ప్రయాణం దగ్గరపడ్డాక చాలామంది రద్దు చేస్తారు. రోజూ ఒకసారి తెరిచి చూస్తుంటే ఒకటైనా చిక్కుతుంది. 2019లో నాకు చిక్కిన ఆ మంగళవారం లాంటిదే. దాన్ని మాత్రం వదులుకోకండి.

అమెరికా పార్కు అయితేనేం, మన సూర్యలంక అయితేనేం, అరకు అయితేనేం, పెద్దవాళ్లతో గడిపే రోజులు వాటంతట అవి ఖాళీగా మిగలవు. ముందుగా పేరు రాసి పట్టుకోవాలి. మా ఫ్రిజ్ మీద ఇప్పటికీ ఆ గది కాగితం అలాగే ఉంది. దానిపక్కనే మా చిన్నాడు అప్పుడు తెచ్చిన దేవదారు కాయ ఒకటి దారం కట్టి వేలాడదీశాను. అమ్మ పట్టుకెళ్లినదాని జత అది.

మీ ఇంట్లో క్యాలెండరు ఏ గోడకుందో, ఒకసారి లేచి చూడరూ?